తగిన శాస్తి

ఇంగ్లీషు నుడికారములను గూర్చి శ్రోతలు మమ్ము తరచుగా అడుగుచుందురు. బడికి పోవు పిల్లలున్న యిండ్లనుండి ఈ ప్రశ్నలు ఎక్కువగా వచ్చును. విడివిడిగా పదములన్నియు తెలిసినవే యైనను, వాక్యము మాత్రము తెలియదు. నుడికారముతో వచ్చిన చిక్కు అదియే. అట్టివానిలో ఒకదానిని ఈనాడు ఎత్తుకొనుచున్నాము. ఎత్తుకొనుటకు ఒక శ్రోత వ్రాసిన ఉత్తరము కారణము. కనుక ముందు ఆ ఉత్తరము సంగతి చెప్పి, పిమ్మట మాటలోనికి పోవుదుము.

2023వ సంవత్సరము జూలై నెల చివర ఓరుగల్లు ప్రాంతమున కురిసిన వానను ఇచ్చటివారెవ్వరును మరువలేరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఇరువదినాలుగు గంటలలో 649.8 మిల్లీమీటర్ల వర్షము పడినది. అనగా నేలపై నిలిచినచో రెండడుగులకు మించిన నీరు. మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచివేయగా, గ్రామస్థులు ఇంటికప్పుల మీదికెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. వారిని రక్షించుటకు హెలికాప్టర్లు రావలసివచ్చినది. వరంగల్లు, హనుమకొండలలో పల్లపు కాలనీలు నీట మునిగినవి. జూలై 29వ తేదీన భద్రకాళి చెరువు కట్టకే గండి పడినది.

వాన వెలసిన కొన్నివారములకు మేము నుడికారములపై ఒక ప్రసంగము చేయుచుంటిమి. 'సర్వ్స్ యు రైట్' అను ఇంగ్లీషు మాటకు ఉదాహరణము కావలసివచ్చి, చేతికందినదానిని వాడుకొంటిమి. "చెరువు శిఖములో ఇల్లు కట్టుకొన్నవాని ఇంటికి చెరువు రాక మరేమి వచ్చును? తగిన శాస్తి!" అంటిమి. స్టూడియో అద్దమునకు ఆవల కూర్చున్న మిత్రుడు నవ్వినాడు. మాట చక్కగా కుదిరినదని మేమును అనుకొంటిమి.

నాలుగుదినముల తరువాత ఉత్తరము వచ్చినది. హంటర్ రోడ్డు ప్రక్కనున్న ఒక కాలనీనుండి ఒక తల్లి వ్రాసినది. ఆమె మాటలలోనే చెప్పెదము: "అయ్యా, మీ ముచ్చట్లు మేము రోజూ వింటము. మేము ఆ ఇంట్ల కిరాయికి ఉంటున్నము. చెరువు ఎవరు పూడ్చిన్రో మాకు తెల్వది. మా బిడ్డ పదో తరగతి పుస్తకాలు, నా కుట్టుమిషను, బియ్యం అన్నీ నీళ్లల్ల పోయినయి. రెండు దినాలు మంచం మీద కుర్చీ ఏసుకొని కూసున్నం. మేము ఏం జేసినందుకు మాకు తగిన శాస్తి అయ్యిందో మీరే చెప్పాలె." ఇంతే. కోపముగాని, దూషణముగాని అందులో లేదు. అడిగినది ఒక అర్థము. భాషను గూర్చి మాటలాడువారిని భాషను గూర్చియే అడిగినది.

సమాధానము చెప్పవలెనన్నచో, ఆ మాటకు అర్థమేమో ముందు మాకు సరిగా తెలిసియుండవలెను గదా! తెలియకయే వాడితిమని ఉత్తరము చదివిన పిమ్మట తోచినది.

ఇంగ్లీషులో ఈ భావమునకు మాటలు పెక్కు కలవు. ఎదుటివాని ముఖము మీద అనునది 'సర్వ్స్ యు రైట్'. ఇచ్చట 'సర్వ్' అనగా వడ్డించుట కాదు. ఒకనిపట్ల ఒక విధముగా నడచుకొనుట. నీకు జరిగినది సరిగానే జరిగినదని తాత్పర్యము. వద్దన్నను వినక జామచెట్టెక్కి, కొమ్మ విరిగి క్రిందపడిన పిల్లవానికి మోకాలిపై పసుపు అద్దుచు తల్లి అనుమాట ఇది. ఇందులో కొంత కోపము, కొంత చనువు ఉండును. చనువు లేనిచోట అనినచో కోపమొక్కటే మిగులును. కావున క్రొత్తవారితోను, పెద్దవారితోను ఈ మాట అనరాదని పిల్లలు గుర్తుంచుకొనవలెను.

వ్రాతలోను, గంభీరమైన ప్రసంగములోను కనబడునది 'జస్ట్ డిజర్ట్స్'. 'హి గాట్ హిస్ జస్ట్ డిజర్ట్స్' అనగా, వానికి న్యాయముగా రావలసినది వానికి వచ్చినది. 'గాట్' అనుటకు బదులు 'రిసీవ్డ్' అనియు అనవచ్చును. నేటి వాడుకలో ఈ పదబంధము బహువచనముననే ఉండును.

దీనితో ఒక తమాషా ఉన్నది. మాయొద్ద అనువాదము నేర్చుకొనుచున్న యువకుడొకడు ఈ వాక్యమును తెలుగుచేసి, "అతనికి న్యాయమైన ఎడారులు లభించినవి" అని వ్రాసి తెచ్చినాడు. నవ్వవలసిన పనిలేదు. తప్పు పూర్తిగా అతనిది కాదు. ఇంగ్లీషులో ఎడారికిని, ఈ మాటకును అక్షరములు ఒక్కటే. ఉచ్చారణములో మాత్రము భేదము కలదు. ఎడారిని 'డెజర్ట్' అని మొదటి అక్షరమును ఊది పలుకుదురు. ఈ మాటను 'డిజర్ట్' అని రెండవ అక్షరమును ఊది పలుకుదురు. ఇక భోజనము చివర పెట్టు తీపి వంటకమున్నది. దానిలో 'ఎస్' అక్షరము రెండుమారులు వచ్చును, కాని ఉచ్చారణము మన మాటదే. కంటితో చదువువానికి ఎడారి అడ్డము వచ్చును. చెవితో వినువానికి పాయసము అడ్డము వచ్చును. ఇంగ్లీషు మాతృభాషగా గలవారే తరచు రెండు 'ఎస్'లు పెట్టి, న్యాయమును మిఠాయి చేయుచుందురు.

ఎడారి పుట్టుక వేరు. విడిచివేయుట అను అర్థముగల లాటిను ధాతువునుండి అది వచ్చినది. మన మాటయు, తీపి వంటకమును మాత్రము దాయాదులు. రెంటికిని మూలము సేవించుట అను అర్థముగల లాటిను క్రియ. ఫ్రెంచిభాష మీదుగా ఇంగ్లీషునకు వచ్చుచు అది రెండుపాయలైనది. సేవచేసి సంపాదించుకొన్న అర్హత ఒకటి. వడ్డించిన పళ్లెరములు ఎత్తివేసిన పిమ్మట తెచ్చి పెట్టునది మరియొకటి. కావున 'డిజర్ట్' అనగా మొదట శిక్ష కాదు. మంచి చేసినవానికి రావలసిన మంచియు అదియే, చెడు చేసినవానికి రావలసిన చెడుయు అదియే. కాలక్రమమున మంచి జారిపోయి చెడు మిగిలినది. లోకము పొగడ్తకంటె దెప్పుటకు ఎక్కువ మాటలు వెచ్చించును గాబోలు!

ఇదే భావమునకు ఇంగ్లీషులో పోలికలతో కూడిన సామెతలు ఉన్నవి. ఎవడు పరచుకొన్న పక్కమీద వాడు పండుకొనవలెనని ఒకటి. విత్తినదే కోసికొందురని బైబిలునుండి వచ్చినది మరియొకటి. కోటతలుపులు పగులగొట్టుటకు తెచ్చిన మందుపెట్టె పేలి, తెచ్చినవానినే ఎగురగొట్టినదను మాట షేక్స్పియరు 'హామ్లెట్' నాటకమువలన వ్యాప్తికి వచ్చినది. తాను తీసిన గోతిలో తానే పడుట అని మనము దానిని చెప్పుకొందుము. పొద్దుగ్రుంకువేళ కోళ్లు గూటికి చేరినట్లు తిట్లు తిట్టినవాని ఇంటికే చేరునను భావమును, సదే అను ఆంగ్లకవి 1810లో ప్రకటించిన 'ది కర్స్ ఆఫ్ కెహామా' కావ్యమునకు తలమానికముగా పెట్టినాడు. ఆ కావ్యములోని కథ హిందూదేశమునకు సంబంధించినదగుట ఒక విశేషము.

ఇక మన వైపు చూతము. ఓరుగల్లు వీధులలో ఎక్కువగా వినబడునది "మంచిగైంది". మాట మంచిదే, పలుకు తీరులో మాత్రము ముల్లున్నది. "తిక్క కుదిరింది" అనునది పొగరుబోతునకు. ఒకని గర్వమణగినదను సంతోషము అందులో దాగదు. "పాపం పండింది" అనుటలో కాలము కలదు. కాయ ఒక్కదినమున పండదు గదా! చాలకాలము సాగిన అక్రమము బయటపడినపుడే ఈ మాట చెల్లును. "చేసుకున్నవారికి చేసుకున్నంత" అనుటలో తరాజు కలదు. ఎంత చేసినాడో అంతేయని తూకము సరిచూచును.

వీనియన్నిటిలో పెద్దమాట 'తగిన శాస్తి'. 'శాస్తి' సంస్కృత పదము. 'శాస్' అను ధాతువు దీనికి మూలము. శాసించుట, బోధించుట అని దానికి అర్థములు. శాస్త్రము, శాసనము, శిష్యుడు అనునవియు ఆ ధాతువునుండియే పుట్టినవి. శిష్యుడును శాస్తియు ఒక్క ఇంటివారన్నమాట! ఇంగ్లీషు మాట సేవనుండి పుట్టగా మన మాట బోధనుండి పుట్టినది. నేర్చుకొనుటకు ఏదియు లేనిచోట కలిగినది కష్టమగును గాని శాస్తి కానేరదు.

దాని ముందున్న 'తగిన' అను విశేషణము చిన్నదిగా కనబడును గాని, బరువంతయు దానిదే. తగుట అనగా కొలత సరిపోవుట. ఎవరికి తగినది? దేనికి తగినది? ఎంత తగినది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానములున్నప్పుడే మాట నిలుచును. చేసినవాడును, అనుభవించువాడును ఒక్కడే కావలెను. తెలిసి చేసినదై యుండవలెను. తప్పు ఎంతయో ఫలము అంతయే కావలెను. ఇంగ్లీషులో 'జస్ట్' అను విశేషణము చేయు పనియు ఇదియే.

ఈ మూడవ ప్రశ్నను మనకు ఎంతో కాలము క్రిందటనే చెప్పిన కథ భాగవతమున కలదు. ఓరుగల్లునకు దూరము కాని బమ్మెరలో పోతనామాత్యుడు దానిని తెలుగుచేసినాడు. కథ అందరకు తెలిసినదే. పరీక్షిన్మహారాజు వేటలో అలసి, దప్పిగొని, శమీకమహర్షి ఆశ్రమమునకు పోయి నీరడిగినాడు. ముని సమాధిలో నుండి పలుకలేదు. రాజునకు కోపము వచ్చి, ప్రక్కనున్న చచ్చిన పామును వింటికొనతో ఎత్తి ముని మెడలో వేసి పోయినాడు. ముని కుమారుడు శృంగి అది విని, ఏడవదినమున తక్షకుడు రాజును కరచి చంపునట్లు శపించినాడు.

చూచువారు 'తగిన శాస్తి' అందురు. శమీకుడు అనలేదు. అవమానము పొందినవాడు ఆయనయే, అయినను కుమారుని మెచ్చుకొనలేదు. స్వల్పమైన తప్పునకు ఇంత పెద్ద దండనమా యని దుఃఖించినాడు. 'తగిన' అను మాట అక్కడ చెల్లలేదు. మరి ఆ మాట అన్నవారెవరు? పరీక్షిత్తే అనుకొన్నాడు. ఇంటికి పోయి కిరీటము తీసినపిదప తన పని తనకే సిగ్గు కలిగించినది. దానికి తగిన ఆపద తనకు రావలెననియే కోరుకొన్నాడు. శాపవార్త తెలిసినపుడు పరిహారములు వెదుకక గంగాతీరమున కూర్చుండి శుకమహర్షివలన భాగవతము విన్నాడు. శాస్తియు బోధయు ఒక్కటిగా కలిసినది అచ్చట.

ఇందువలన ఒక సూక్ష్మము తెలియుచున్నది. తన్ను గూర్చి తాను అనుకొనినపుడు ఈ మాట పశ్చాత్తాపము. ఇతరుని గూర్చి అనినపుడు తీర్పు. తీర్పు చెప్పువానికి విచారణ చేసియుండవలసిన బాధ్యత ఉన్నది. 'హామ్లెట్' నాటకమున మరియొక ఘట్టము కలదు. వచ్చిన నటులకు వారి అర్హతను బట్టియే మర్యాద చేసెదనని పొలోనియసు అనగా, అంతకంటె చాల మెరుగుగా చేయుమని రాకుమారుడు మందలించును. అర్హతయే కొలతగా పెట్టినచో కొరడాదెబ్బ తప్పించుకొనువాడు ఎవడును ఉండడని అతని భావము. అచ్చట అతడు వాడిన పదము ఈ 'డిజర్ట్' అనునదియే.

అయినచో విచారణ లేకయే మనము ఈ మాట ఎందులకు అనుచుందుము? దీనిని మనస్తత్త్వశాస్త్రజ్ఞులు పరిశీలించినారు. 1966లో అమెరికాలో మెల్విన్ లెర్నర్, కెరొలిన్ సిమన్స్ అనువారు ఒక ప్రయోగఫలితమును ప్రకటించిరి. పాఠము తప్పుగా చెప్పినప్పుడెల్ల ఒక యువతికి విద్యుద్ఘాతము కలుగుచున్నట్లు చూచువారిని నమ్మించిరి. నిజమునకు ఘాతమేమియు లేదు. ఆమె బాధను మాన్పుటకు అవకాశము దొరికినవారు ఆమెను గూర్చి మంచిగనే చెప్పిరి. ఏమియు చేయలేక చూచుచు కూర్చుండవలసినవారు ఆమెయే కొరగానిదని తక్కువచేసి చెప్పిరి. లోకము న్యాయముగా నడచుచున్నదను నమ్మకమును విడువలేక, కష్టపడువానియందే తప్పు వెదకుదుమని లెర్నర్ సిద్ధాంతము. దానిపై ఆయన 1980లో ఒక గ్రంథమే వ్రాసినాడు. వాడు తప్పుచేసినాడు గనుక మునిగినాడు, మేము చేయలేదు గనుక మునుగము అను ధైర్యము 'తగిన శాస్తి' అనుటలో దొరకును. స్టూడియోలో పొడికాళ్లతో కూర్చుండి మేము అనుకొన్నదియు అదియే.

ఇప్పుడు మూడు ప్రశ్నలను ఆ తల్లి ఇంటిముందు పెట్టి చూతము. కాకతీయులనాటినుండి ఈ సీమ చెరువుల సీమ. పాకాల, రామప్ప, లక్నవరము మొదలగు పెద్ద చెరువులే గాక, గొలుసుకట్టుగా చిన్నచెరువులు ఎన్నో ఉండెడివి. పైచెరువు నిండి మత్తడి పోసినచో ఆ నీరు కాలువవెంట క్రిందిచెరువునకు చేరును. శిఖము భూమి ప్లాట్లయి, నాలాలు ఇరుకైనచో నీరు దారి మరువదు; పూర్వము నిలిచిన పల్లమునకే పోయి నిలుచును. నీరు చేసినది తప్పు కాదు.

కాని శిఖమును చదునుచేసి అమ్మినవాడు ఆ పల్లమున కాపురమున్నాడా? లేడు. ప్లాటు కొన్నవాడు, కాగితములు చూచి వాయిదాలు కట్టినవాడు. చూచియు చూడనట్లున్నవారు ఎత్తైనచోట నివసించుచుందురు. చివరకు మంచముమీద కుర్చీ వేసుకొని కూర్చున్నది కిరాయికి వచ్చిన కుటుంబము. పని చేసినవాడు ఒకడు, ఫలము అనుభవించినవాడు మరియొకడు. మొదటి ప్రశ్నయే నిలువలేదు. తెలిసి చేసినారా అను రెండవ ప్రశ్నకు, కొలతను గూర్చిన మూడవ ప్రశ్నకు పోవలసిన పనియే లేదు. ఇక రాత్రి నిద్రించుచుండగా వాగు వచ్చి మీదపడిన పల్లెవాసుల విషయమున ఈ నుడికారము నోట రాకుండుటయే మర్యాద.

మరి ఈ వరదలో 'తగిన శాస్తి' అనుటకు చోటే లేదా? కలదు. ఉత్తమపురుషలో కలదు. 2020 ఆగస్టులోను వరంగల్లులో పల్లపు కాలనీలు మునిగినవి. నాడు నీరు తీసినపిదప మనమందరము మరచిపోతిమి. నాలాలో చెత్త పోసినవారమును మనమే, చెరువు కుంచించుకొని పోవుచుండగా ఆ మార్గముననే నడచిపోయినవారమును మనమే. కావున పట్టణమంతయు కూడి "మనకు తగిన శాస్తి జరిగినది" అనుకొనినచో అది తప్పుకాదు. శాస్తిలోని బోధ అప్పుడు ఫలించును. ఆ వాక్యమున 'మన' అనుటకు బదులు 'మీ' అనినంతనే అర్థము మారిపోవును, అబద్ధమగును. ఒక్క సర్వనామము చేయు పని ఇంత.

పిల్లల కొరకు మరల క్లుప్తముగా చెప్పుదుము. 'సర్వ్స్ యు రైట్' అనునది చనువున్నచోట, చిన్నతప్పునకు, ఎదుట అనుమాట. 'జస్ట్ డిజర్ట్స్' అనునది తప్పు రుజువైన పిమ్మట వ్రాతలో వాడుమాట. లంచము తినిన అధికారి ఉద్యోగము పోగొట్టుకొన్నచో వాడవచ్చును. రోగము వచ్చినవానికి, పంట పోయినవానికి, ఇల్లు మునిగినవానికి వాడరాదు. వ్రాయునప్పుడు 'ఎస్' అక్షరము నడుమ ఒక్కటియే. తెలుగులో 'తగిన శాస్తి' అనవచ్చును, ముందు 'తగిన' అను మాటను తూచి చూచుకొనవలెను.

ఆ తల్లికి విడిగా జాబు వ్రాసితిమి. మీరు ఏమియు చేయలేదు, మాట తప్పుగా వాడినవారము మేము అని అందులో వ్రాసితిమి. విన్నవారందరి యెదుట అన్నమాట గనుక, విన్నవారందరి యెదుటనే దిద్దుకొనుట ధర్మమని ఈ ప్రసంగము చేసితిమి. మాకు వచ్చిన ఆ ఉత్తరమును బల్లపై అద్దము క్రింద పెట్టుకొన్నాము. చేసినవారము మేమే, అనుభవించినవారమును మేమే; కొలతయు ఎక్కువ కాలేదు, నేర్చుకొన్నదియు కలదు. ఈ నుడికారమునకు సరియైన ఉదాహరణము కావలసినవారికి ఇప్పుడు మేము నిస్సంకోచముగా దానిని చూపగలము. ఆ ఉత్తరము మాకు తగిన శాస్తి.